మనల్ని ఎరుగని మనిషి కోసం బెంగపడవచ్చునా?

ప్రశ్న: నేను 2001లో గుంటూరు నుంచి న్యూజెర్సీ వచ్చాను. తొలి రోజుల్లో ఎడిసన్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో ఒక పరుపు, ఒక పాత రేడియో తప్ప చెప్పుకోదగ్గ సామానేమీ లేదు. ఆ ఏడాది న్యూయార్క్ యాంకీస్ జట్టు వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ టైటిల్ పోరు) ఆడుతుంటే జాన్ స్టెర్లింగ్ గారు రేడియోలో ఆ ఆటలను వర్ణించేవారు. బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియకుండానే ఆయన మాటలు వినడం మొదలుపెట్టాను, వింటూనే ఆట నేర్చుకున్నాను. ఆఫీసు నుంచి కారులో వస్తున్నా, అంట్లు తోముతున్నా, పసివాడిని భుజాన వేసుకుని తిప్పుతున్నా వేసవి సాయంత్రం ఆయన గొంతు ఉండాల్సిందే. 2024 ఏప్రిల్‌లో ఆయన ఉన్నట్టుండి రిటైరయ్యారు. ఆ సీజన్ చివర మళ్లీ వచ్చి పోస్ట్‌సీజన్ (టైటిల్ కోసం జరిగే చివరి దశ) ఆటలు చెప్పారు, ఆ తర్వాత పూర్తిగా మానేశారు. 2025 నుంచి కొత్త వ్యాఖ్యాత డేవ్ సిమ్స్ గారి గొంతు వినపడగానే నేను రేడియో కట్టేస్తున్నాను. రాత్రిళ్లు స్టెర్లింగ్ గారి పాత క్లిప్పులు వింటున్నాను, బెంగ పెరుగుతోందే గాని తగ్గడం లేదు. "మీ సొంత మేనమామగారు బడిపంతులు ఉద్యోగం నుంచి రిటైరైన రోజున ఒక ఫోన్ కూడా చేయలేదు, ముఖం కూడా చూడని ఈ పెద్దమనిషి కోసం కళ్లు తుడుచుకుంటున్నారా?" అని మా ఆవిడ అంటోంది. మా అబ్బాయికి 15 ఏళ్లు. వాడు ఫోన్‌లో హైలైట్స్ చూస్తాడు తప్ప రేడియో వినడు. నన్ను ఎరుగని మనిషి కోసం ఇంత బాధపడటం పిచ్చితనమా? ఆయన మరొక్క సీజన్‌కైనా తిరిగి రావాలని కోరుకోవడం తప్పా?
— ఒక పాఠకుడు, ఎడిసన్

సమాధానం: నమస్కారం. మీ బాధ పిచ్చితనం కాదు, కొత్తదీ కాదు. రేడియోలో వినిపించే మనిషికీ వినే మనిషికీ మధ్య ఏర్పడే ఇటువంటి ఏకపక్ష సాన్నిహిత్యం గురించి డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు 1956లోనే ఒక వ్యాసం రాశారు. ఆ మాటకు వస్తే మన తెలుగువారికి ఈ సంగతి తెలియడానికి అమెరికా పరిశోధకులు కూడా అక్కరలేదు. ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమం నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను శ్రోతలు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనే పిలుచుకున్నారు. వారిని కళ్లారా చూసినవారు కొందరే గాని, వరస కలుపుకున్నవారు మాత్రం ఊరూరా ఉన్నారు. గొంతు ఇంట్లోకి వచ్చినప్పుడు మనిషి కూడా వచ్చినట్లే అనుకోవడం మనకు అలవాటే.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపి ఆలోచింపజేసిన వాక్యం "పిచ్చితనమా" అన్నది కాదు. పాత క్లిప్పులు వింటుంటే బెంగ తగ్గకపోగా పెరుగుతోందన్నారే, అది. మిగతా అన్నిటికీ తాళం అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది కనుక దానినే కాస్త విడమరచి చెబుతాను.

బేస్‌బాల్‌ను రేడియోలో చెప్పడం ఎటువంటి పనో ఒకసారి గుర్తు చేసుకోండి. ఒక్కొక్క జట్టు మార్చి చివరి నుంచి సెప్టెంబర్ చివరి దాకా, అంటే దాదాపు 6 నెలల వ్యవధిలో 162 ఆటలు ఆడుతుంది. ఒక్కొక్క ఆట ఇప్పటి లెక్కలో రెండున్నర గంటలకు పైగా సాగుతుంది, స్టెర్లింగ్ గారు పని చేసిన కాలంలో చాలా భాగం మూడు గంటల దాకా సాగేది. అంటే ఒక వేసవికి 400 గంటలకు పైగా ఒకే మనిషి మీ చెవిలో మాట్లాడుతున్నాడన్నమాట. మన దగ్గరి బంధువులలో ఎవరైనా ఏడాదికి అన్ని గంటలు మనతో మాట్లాడతారా? ఆ 400 గంటలలో బంతి గాలిలో ఎగిరే సమయం, ఆటగాళ్లు పరుగెత్తే సమయం కలిపి చూస్తే చాలా తక్కువ. మిగిలినదంతా బంతి వేసే పిచ్చర్ టోపీ సర్దుకోవడం, బ్యాటర్ పక్కకు తప్పుకుని చేతి తొడుగులు బిగించుకోవడం, కోచ్ మెల్లగా నడిచి వచ్చి ఏదో చెప్పి మళ్లీ మెల్లగా వెళ్లడం. టీవీలో ఆ ఖాళీని కెమెరా నింపుతుంది. రేడియోలో మనిషి నింపాలి. వాతావరణం గురించి, రాత్రి తిన్న భోజనం గురించి, ఎప్పుడో ఆడి మానేసిన ఆటగాడి గురించి, స్కోరు గురించి, మళ్లీ వాతావరణం గురించి మాట్లాడుతూనే ఉండాలి. మీరు అంట్లు తోముతూ సగం చెవితో విన్నది ఈ మాటలనే.

మరి క్లిప్పులలో ఏముంటుంది? హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ వంటిది) కొట్టినప్పటి కేక ఉంటుంది. "ఇట్ ఈజ్ హై, ఇట్ ఈజ్ ఫార్, ఇట్ ఈజ్ గాన్" అని ఆయన స్వరం పైకి లేచే 20 సెకన్లు, గెలిచిన ప్రతి రాత్రీ "ద యాంకీస్ విన్" అంటూ "ద" అనే అక్షరాన్ని సాగదీసి సాగదీసి వదిలే క్షణాలు ఉంటాయి. బెర్నీ విలియమ్స్ కొడితే "బెర్న్, బేబీ, బెర్న్" అనడం, జాన్‌కార్లో స్టాంటన్ కొడితే ఇటాలియన్ వారే గుర్తుపట్టలేని ఇటాలియన్‌లో "నాన్ సి పువో స్టొపార్లో" అని పాడటం ఉంటాయి. అవి ఆయన ప్రసిద్ధి, కాదనను. కాని మీ జీవితంలో ఆయన ఆక్రమించిన చోటు అది కాదు. జూన్ నెలలో ఒక మంగళవారం మూడో ఇన్నింగ్స్‌లో (ఇన్నింగ్స్ అంటే ఆటలో ఒక విడత) ఏమీ జరగనప్పుడు ఆయన అన్న మాటలు మీకు కావాలి. అవి ఎవరూ కత్తిరించి దాచలేదు, దాచవలసినవిగా అప్పుడు మీకూ తోచలేదు. అందువల్ల మీరు రాత్రిళ్లు వెతుకుతున్నది అక్కడ లేదు. కేకల తర్వాత కేకలు వింటూ పోతే ఆకలి వేస్తున్నవాడు మిఠాయిలు తిన్నట్లు ఉంటుంది. ఆ క్లిప్పులు కొన్నాళ్లు మానేయండి. అంతగా వినాలనిపిస్తే ఎక్కడైనా పూర్తి ఆట రికార్డింగు దొరికినప్పుడు, ఫలితం ఎవరికీ గుర్తులేని ఆటను చూసుకుని, మొదటి నుంచి చివరిదాకా వినండి. చిత్రమేమిటంటే మధ్యలో మీకు ధ్యాస తప్పుతుంది. ధ్యాస తప్పినా ఫరవాలేదనే భరోసానే ఇన్నాళ్లూ ఆయన మీకు ఇచ్చింది.

మీ బాధలో రెండవ పాలు, ఆయన వెళ్లిన తీరు వల్ల వచ్చిందని నా అభిప్రాయం. లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ వ్యాఖ్యాత విన్ స్కల్లీ గారి విషయం చూడండి. 1950లో, ఆ జట్టు ఇంకా న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉండగా మొదలుపెట్టి 67 సీజన్లు అదే జట్టు ఆటలు చెప్పిన ఆయన, 2016 తన ఆఖరి సీజన్ అని ముందుగానే తెలియజేశారు. అభిమానులకు ఒక వేసవి మొత్తం దొరికింది. ఏప్రిల్‌లో స్టేడియానికి వెళ్లే వీధికి ఆయన పేరు పెట్టారు. ఆ ఏడాది ప్రతి ఆటనూ చివరిదేమో అన్నంత శ్రద్ధగా విన్నారు. సెప్టెంబర్ 25న సొంత మైదానంలో ఆయన చెప్పిన ఆఖరి ఆటను చార్లీ కల్బర్సన్ పదో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్‌తో ముగించాడు. అక్టోబర్ 2న శాన్ ఫ్రాన్సిస్కోలో ఆయన చిట్టచివరి ఆట చెప్పి సెలవు తీసుకున్నారు. ఆయన ఎనిమిదేళ్ల పిల్లవాడుగా ఉన్నప్పుడు, న్యూయార్క్‌లో ఒక చైనీస్ లాండ్రీ కిటికీలో వరల్డ్ సిరీస్ స్కోరు చూసి, ఘోరంగా ఓడిన జెయింట్స్ మీద జాలిపడి ఆ జట్టుకు అభిమాని అయిన రోజు 1936 అక్టోబర్ 2. సరిగ్గా 80 ఏళ్లు. వీడ్కోలుకు ఇంతకంటే మంచి తేదీ రాసి ఇచ్చినా దొరకదు.

మీకు దొరికింది 5 రోజులు. సీజన్ మొదలై మూడు వారాలైనా పూర్తిగా కాకముందే, 2024 ఏప్రిల్ 15న స్టెర్లింగ్ గారు ఆ క్షణం నుంచే రిటైరవుతున్నారని ప్రకటన వచ్చింది. ఏప్రిల్ 20న, టాంపా బే రేస్ జట్టుతో ఆటకు ముందు, యాంకీ స్టేడియంలో ఆయనకు సన్మానం జరిగింది. అంతే. మీరు ఆయన చెప్పిన చివరి ఆటను చివరిదని తెలియకుండా, బహుశా ట్రాఫిక్‌లో హారన్ల మధ్య విన్నారు. ఆ సెప్టెంబర్‌లో ఆయన తిరిగి వచ్చి, అక్టోబర్ 30న డాడ్జర్స్ చేతిలో యాంకీస్ వరల్డ్ సిరీస్ ఓడిపోయేదాకా ఆటలు చెప్పడంతో, ఒకసారి మూసిన తలుపు మళ్లీ తెరుచుకుంది గనుక రెండవసారీ తెరుచుకుంటుందని మీ మనసు ఆశపడుతోంది. ఆ ఆశ సహజమే, కాని దానిని పెంచి పోషించకండి.

ఎందుకంటే ఈ కథలో సంతోషంగా ఉన్న మనిషి ఒకరున్నారు. రిటైరైనప్పుడు స్టెర్లింగ్ గారు ఇచ్చిన ప్రకటనలో తాను ఎంతో అదృష్టవంతుడిననీ, 64 ఏళ్లు కోరుకున్న పనే చేశాననీ, న్యూయార్క్‌లో యాంకీస్ అభిమానిగా పెరిగిన పిల్లవాడికి ఆ జట్టు ఆటలనే 36 ఏళ్లు చెప్పే అవకాశం దొరికిందనీ, ఎంతో సంతోషంగా వెళుతున్నాననీ అన్నారు. అప్పటికి ఆయనకు 85 ఏళ్లు. 1989 సెప్టెంబర్ నుంచి 2019 జులై దాకా ఒక్క ఆట కూడా తప్పకుండా వరుసగా 5,060 ఆటలు చెప్పిన మనిషి, 2019లో ఒంట్లో బాగాలేక తొలిసారి విశ్రాంతి తీసుకున్నారు. మొత్తం మీద సాధారణ సీజన్‌లో 5,420, పోస్ట్‌సీజన్‌లో 211 ఆటలు. విమానాలు, హోటళ్లు, అర్ధరాత్రి ప్రయాణాలు అన్నిటితో కలిపి ఆ అంకెలను చూడండి. మరొక్క సీజన్ అని అడగడం తప్పా అని మీరు నన్ను అడిగారు. మనసులో కోరుకోవడం తప్పు కాదు. పైకి అడగడం మాత్రం, కడుపునిండా భోజనం పెట్టి చేయి కడుక్కున్న మనిషిని మళ్లీ వంటింట్లోకి పంపమనడమే అవుతుంది.

ఇంకొక సంగతి కూడా మీరు గమనించాలి. తన ఇష్టప్రకారం, తాను ఎంచుకున్న రోజున వెళ్లడం ఈ వృత్తిలో అందరికీ దక్కిన భాగ్యం కాదు. మీ జట్టులోనే చూడండి. యాంకీస్ గొంతుగా దేశమంతా పేరు తెచ్చుకున్న మెల్ అలెన్ గారిని 1964 సీజన్ తర్వాత, బయటికి కారణం చెప్పకుండానే సాగనంపారు. రెడ్ బార్బర్ గారు 1966 సెప్టెంబర్‌లో యాంకీ స్టేడియానికి ప్రేక్షకులు 413 మంది మాత్రమే వచ్చిన రోజున, ఖాళీ కుర్చీల సంగతిని ఉన్నదున్నట్లు చెప్పారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆయన ఒప్పందాన్ని పొడిగించబోమని చెప్పేశారు. డెట్రాయిట్‌లో ఎర్నీ హార్వెల్ గారి కథ ఇంతకన్నా బాధాకరం. 1960 నుంచి టైగర్స్ ఆటలు చెబుతున్న ఆయనకు 1991 సీజనే ఆఖరిదని 1990 డిసెంబర్‌లో తెలిపినప్పుడు మిషిగన్ రాష్ట్రమంతా మండిపడింది. జట్టు యాజమాన్యం మారాక 1993లో ఆయనను తిరిగి పిలిచారు, 2002లో తనంతట తాను విరమించుకునేదాకా చెప్పారు. స్టాండ్స్‌లోకి వెళ్లిన ఫౌల్ బంతిని ఎవరైనా పట్టుకుంటే, ఫలానా ఊరి నుంచి వచ్చిన ఆయనకు ఈ బంతి దక్కింది అని హార్వెల్ గారు ఠక్కున ఊరి పేరు చెప్పేవారు. ఆ ఊరి పేరు ఆయన కల్పనే. అయినా ఆ ఊళ్లో వింటున్నవారికి మాత్రం ఆ సాయంత్రం తమదైపోయేది. 2010లో ఆయన కన్నుమూసినప్పుడు భౌతికకాయాన్ని కొమెరికా పార్క్ స్టేడియంలో ఉంచితే వేలాది మంది వరుసకట్టి చూసి వెళ్లారు. వారిలో ఎందరు ఆయనతో మాట్లాడి ఉంటారు? మిమ్మల్ని పిచ్చివారని ఎవరైనా అంటే ఆ వరుసను చూపించండి.

ఇక డేవ్ సిమ్స్ గారి మాట. ఇక్కడ నేను మీ పక్షాన లేను. ఆయన గొంతు వినపడగానే రేడియో కట్టేస్తున్నానని రాశారు, ఆయన ఏం తప్పు చేశారో మాత్రం రాయలేదు. రాయడానికి ఏమీ లేదు గనుకనే రాయలేదని నా అనుమానం. కొత్త వ్యాఖ్యాత అని మీరంటున్న ఈయన వయసు 2025 సీజన్ మొదలయ్యేనాటికే 72. సియాటిల్ మారినర్స్ ఆటలను 18 సీజన్లు చెప్పి వచ్చినవారు, అంతకు చాలా ముందే న్యూయార్క్ రేడియోలో పనిచేసినవారు. సియాటిల్‌లో ఇప్పుడు ఆయన గొంతు వినపడక బెంగపెట్టుకున్న మీవంటి శ్రోత ఒకరు తప్పకుండా ఉండి ఉంటారు. వారు కూడా ఏదో ఒక పత్రికకు ఉత్తరం రాస్తూ ఉండవచ్చు.

పైగా స్టెర్లింగ్ గారిని కూడా ఈ ఊరు మొదటి రోజు నుంచి నెత్తిన పెట్టుకోలేదు. ఆయన 1989లో అట్లాంటా నుంచి వచ్చి చేరినప్పుడు యాంకీస్ వరుసగా ఓడుతున్న జట్టు, 1992 దాకా ప్రతి సీజన్‌లోనూ గెలిచిన ఆటల కంటే ఓడినవే ఎక్కువ. ఆ తర్వాత 1996, 1998, 1999, 2000, 2009 టైటిళ్లు వచ్చాయి గనుక ఆయన గొంతు గెలుపుతో కలిసిపోయి మీ చెవికి తీయగా తగిలింది. పత్రికల్లో ఆయనను ఎద్దేవా చేసినవారికీ కొదువ లేదు. బంతి ఎత్తుగా వెళ్లింది, దూరంగా వెళ్లింది, పోయింది అని ఆయన ప్రకటించాక గోడ దగ్గర ఫీల్డర్ దానిని తీరిగ్గా పట్టుకున్న సందర్భాలు ఒకటి రెండు కావు. ఆటగాళ్ల పేర్ల మీద ఆయన కట్టిన ప్రాసలలో కొన్ని నాకూ మరీ అతిగా ఉన్నట్లే అనిపించేవి. చూసినది చూసినట్లు చెప్పడమే వ్యాఖ్యాత ధర్మమనుకునేవారికి స్కల్లీ గారి పద్ధతి నచ్చుతుంది. 1988 వరల్డ్ సిరీస్‌లో కుంటుతూ వచ్చిన కర్క్ గిబ్సన్ హోమ్ రన్ కొట్టినప్పుడు, టీవీలో ఆ ఆట చెబుతున్న స్కల్లీ గారు నిమిషానికి పైగా నోరు విప్పక జనఘోషనే వినిపించారు. స్టెర్లింగ్ గారు ఆ చోట ఒక పాట, ఒక ప్రాస, ఒక కేక పెట్టి ఉండేవారు. అయినా అభిమానులు ఆయన పొరపాట్లను అనుకరిస్తూ, వెక్కిరిస్తూనే ప్రేమించారు. తప్పులు పట్టుకుంటూ పట్టుకుంటూ మనిషికి దగ్గరకావడం మన ఇళ్లలోనూ ఉన్నదే. సిమ్స్ గారికి అటువంటి తప్పులు చేసే వ్యవధి, వాటిని పట్టుకునే వ్యవధి మీరు ఇంకా ఇవ్వలేదు.

ఒక న్యాయమైన తేడా మాత్రం ఉంది, దానిని కొత్తవారి నేరంగా లెక్కించకండి. 2023 నుంచి పిచ్చర్‌కు గడియారం పెట్టారు. బేస్‌ల మీద పరుగుకు సిద్ధంగా ఉన్న ఆటగాళ్లు ఎవరూ లేకపోతే 15 సెకన్లలో, ఉంటే మొదట 20 సెకన్లలో, తర్వాత 18 సెకన్లలో బంతి వేయడం మొదలుపెట్టాలి. దానివల్ల 2022లో సగటున 3 గంటల 4 నిమిషాలు సాగిన ఆట మరుసటి ఏడాది 2 గంటల 40 నిమిషాలకు వచ్చింది. స్టేడియంలో కూర్చున్నవారికి అది మేలే. రేడియో వ్యాఖ్యాతకు మాత్రం కథ మొదలుపెట్టి ముగించే జాగా తగ్గింది. మీరు పోగొట్టుకున్నామనుకుంటున్న తీరుబడిలో కొంత స్టెర్లింగ్ గారితో పాటు వెళ్లలేదు, అంతకు ముందే ఆటలోంచి వెళ్లిపోయింది. ఇంకొక విషయం, ఆ గదిలో మీకు తెలిసిన గొంతు ఒకటి ఇంకా ఉంది. 2005 నుంచి స్టెర్లింగ్ గారి పక్కన కూర్చుని ఆటను విశ్లేషించిన సూజన్ వాల్డ్‌మన్ గారు ఇప్పుడు సిమ్స్ గారితో ఆ పని చేస్తున్నారు. మీ ఉత్తరంలో ఆమె పేరే లేదు. రేడియో కట్టేసినప్పుడల్లా ఇరవై ఏళ్లుగా మీ ఇంట్లో మాట్లాడుతున్న ఆమె నోటిని కూడా మూస్తున్నారని మీకు తోచినట్లు లేదు.

మీ శ్రీమతి అన్న మాటకు వద్దాం. ఆవిడ అన్నది ఎగతాళి కాదు, సరైన మాట. మేనమామగారికి ఫోన్ చేయండి. ఆలస్యమైంది కదా అని సందేహించకండి, రిటైరైన పంతుళ్లకు ఆలస్యం ఒక లెక్క కాదు. అయితే ఆవిడ ఒక చిన్న పొరపాటు చేశారు. స్టెర్లింగ్ గారి కోసం మీరు బాధపడ్డారు గనుక మేనమామగారి మీద ప్రేమ లేదని ఆవిడ అనుకుంటున్నారు. ఈ బాధ తేలిక, దానికి మీరు ఏమీ చేయనక్కరలేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. మేనమామగారి విషయంలో ఎన్నాళ్లుగా ఫోన్ చేయలేదన్న అపరాధభావం అడ్డు వస్తుంది. అడ్డం లేని చోట కన్నీళ్లు త్వరగా వస్తాయి. నాకు తోచినంతలో, 2001లో పరుపు, రేడియో తప్ప ఏమీ లేని గదిలో ఒంటరిగా ఉన్న ఆ కుర్రవాడి కోసం కూడా మీరు ఇప్పుడు బాధపడుతున్నారు. ఆ గదిని మీతో పాటు చూసిన సాక్షి వేరే ఎవరూ లేరు. ఆ అక్టోబర్ 31 రాత్రి ఆట అర్ధరాత్రి దాటి నవంబర్ 1లోకి వెళ్లాక డెరెక్ జీటర్ హోమ్ రన్ కొట్టి గెలిపించడం, నాలుగు రోజుల తర్వాత ఏడో ఆటలో ఆరిజోనా చేతిలో ఓడిపోవడం మీరు విన్నారు కదా, ఆ సంగతులు మీ శ్రీమతికి ఎప్పుడైనా వివరంగా చెప్పారా? ఆవిడ అప్పటికి మీ జీవితంలోకి రాలేదేమో. చెప్పి చూడండి. ఆటను గురించి కాకుండా ఆ గది గురించి, అప్పుడు ఏం వండుకునేవారో, ఎవరికి ఉత్తరాలు రాసేవారో చెప్పండి.

మీ అబ్బాయిని కూర్చోబెట్టి బలవంతాన రేడియో వినిపించే ఆలోచన ఉంటే విరమించుకోండి. వాడికి నచ్చేది వాడు చూస్తాడు. మీరు కూడా 2001లో పనిగట్టుకుని రేడియో వినలేదు, వేరే గతి లేక విన్నారు. కారులో వాడు పక్కన ఉన్నప్పుడు రేడియో తక్కువ స్వరంలో నడుస్తుంటే చాలు.

స్టెర్లింగ్ గారికి ఒక ఉత్తరం రాయండి. జట్టు చిరునామాకు పంపితే సరిపోతుంది. మీరు గొప్పవారు, మీవంటివారు లేరు అని రాయకండి, అటువంటివి ఆయనకు బస్తాల కొద్దీ వచ్చి ఉంటాయి. ఒక్క సాయంత్రం గురించి రాయండి. పసివాడు జ్వరంతో నిద్రపోనప్పుడు ఏ ఆట నడుస్తోందో, ఆయన ఏమన్నారో, అప్పుడు మీరు ఏ గదిలో నిలబడి ఉన్నారో రాయండి. స్కల్లీ గారు వీడ్కోలు వేళ అభిమానులతో, మీకు నా అవసరం ఉన్నదానికంటే నాకే మీ అవసరం ఎక్కువని అన్నారు. గాజు అద్దం వెనుక మైక్ ముందు కూర్చున్న మనిషికి తన మాటలు ఎవరి వంటింట్లోకి వెళుతున్నాయో ఎన్నడూ కనపడదు. ఉత్తరం రాస్తే అది ఆయనకు తెలుస్తుంది. ఒక పేజీ చాలు, జవాబు ఆశించకండి, తిరిగి రమ్మని మాత్రం అందులో రాయకండి.

సిమ్స్ గారిని వినడం ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెబుతాను. చిరకాల ప్రత్యర్థి బోస్టన్ రెడ్ సాక్స్‌తో ఆటను ఎంచుకోకండి, అక్టోబర్ ఆటలు అసలే వద్దు. అప్పుడు మీరు ప్రతి మాటనూ పాత మాట పక్కన పెట్టి తూకం వేస్తారు. ఆగస్టులో, వారం మధ్యలో, పట్టికలో అడుగున ఉన్న ఏదో జట్టుతో జరిగే ఆటను తీసుకోండి. నాలుగో ఇన్నింగ్స్ దగ్గర పెట్టండి, చేతిలో ఏదో ఒక పని ఉంచుకోండి, ఇడ్లీ పిండి రుబ్బడమైనా, బట్టలు మడతపెట్టడమైనా సరే. స్కోరు అడిగితే చెప్పలేనంత పరధ్యానంగా వినండి. మధ్యలో విసుగు పుడుతుంది. పుట్టినా రేడియో కట్టేయకండి, స్టెర్లింగ్ గారు చెబుతున్నప్పుడు కూడా ఆ సమయానికి మీకు విసుగే పుట్టేది.